అరుగుదల సిరప్పా, క్లోమం క్యాప్సూలా, గ్లాసు మజ్జిగా: అరవై దాటాక ఏది మేలు?

మన గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళున్న ఇంట్లో అరుగుదల సిరప్పు సీసా లేకపోవడం అరుదు. అమలాపురమైనా, పాలకొల్లైనా, భీమవరమైనా, మందుల షాపుకి వెళ్ళి "బాబూ, తిన్నది అరగట్లేదు" అంటే చాలు, చీటీ అడక్కుండానే ఇచ్చేస్తారు. ఈమధ్య దానికి ఇంకో మాట తోడైంది. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో తిన్నది అరిగించే ఎంజైములు అయిపోతాయని, బయటి నుంచి నింపుకుంటే ముసలితనం వెనక్కి పోతుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. పెద్దవాళ్ళు వాటిని నమ్మి పెన్షను డబ్బులు ఖర్చు పెట్టడం చూస్తే బాధేస్తుంది.

ఎంజైములు పుట్టినప్పుడు కట్టిచ్చిన మూట కాదు, వాడితే అయిపోవడానికి. అవి ప్రొటీన్లు. మనం తిన్న పప్పు, చేప, గుడ్డు నుంచే ఒళ్ళు వాటిని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. కడుపు వెనక ఉండే క్లోమ గ్రంథి (ప్యాంక్రియాస్) ఒక్కటే రోజుకి లీటరు పైన జీర్ణరసం వదులుతుంది. వయసుతో అది కొంత తగ్గే మాట నిజమే. కానీ దానికి చాలా మిగులు ఉంటుంది. కొవ్వు అరగక విరేచనంలో పోయే స్థితి రావాలంటే క్లోమం ఇచ్చే, కొవ్వుని అరిగించే లైపేజ్ మామూలులో పదో వంతుకి పడిపోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కేవలం వయసు వల్ల అంత తగ్గదు.

మరి పెద్దవాళ్ళకి అరగకపోవడం అబద్ధమా? కానే కాదు. కారణాలు వేరే ఉంటాయి. పళ్ళు ఊడి ముద్ద నమలకుండా మింగుతారు. కొన్ని మందుల వల్ల నోట్లో లాలాజలం ఎండిపోతుంది. షుగరు ముదిరితే కడుపు తొందరగా ఖాళీ అవదు. ఏళ్ళ తరబడి పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకునేవాళ్ళకి కడుపులో ఆమ్లం తగ్గి, తిండిలోని బి12 విటమిన్ సరిగ్గా ఒంటబట్టదు. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ని తగ్గించగలదు. ఇందులో ఏ ఒక్కదానికీ సిరప్పు సమాధానం కాదు.

ఇంతకీ ఆ సీసాలో ఏముంటుంది? ఎక్కువగా బూజు జాతి శిలీంధ్రం నుంచి తీసిన డయాస్టేజ్, దానితో ప్రొటీన్లని అరిగించే పెప్సిన్. బిళ్ళల్లో అయితే బొప్పాయి పాల నుంచి తీసే పపైన్, కొన్నిట్లో బొగ్గుపొడి కూడా. డయాస్టేజ్‌ది చాలా పాత కథ. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ నుంచి దాన్ని వేరుచేశారు. ఎంజైముల్లో మొట్టమొదట వేరుచేసింది అదే. అది పిండి పదార్థాన్ని విరగ్గొడుతుంది. పెద్దవాళ్ళలో సాధారణంగా లోటుపడనిది కూడా ఆ పనే. క్లోమం దెబ్బతిన్నప్పుడు ముందు తడబడేది కొవ్వు అరుగుదల, అన్నం కాదు. పపైన్ సంగతి మన వంటవాళ్ళకి బాగా తెలుసు. ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తే ఇట్టే మెత్తబడుతుంది. గిన్నెలో అంత పని చేసింది కదా అని బిళ్ళలోనిది పొట్ట ఉబ్బరాన్ని తగ్గిస్తుందనుకోవడానికి గట్టి ఆధారం లేదు. పెళ్ళి భోజనం తర్వాత ఒక పూట సిరప్పు తాగితే నష్టమేమీ లేదు. రోజూ తాగడమే దండగ.

ఒక్కచోట మాత్రం దండగతో ఆగదు. షుగరుకి వోగ్లిబోస్, అకార్బోస్ లాంటి బిళ్ళలు వాడేవాళ్ళు మన వీధికి నలుగురుంటారు. పిండి పదార్థం నెమ్మదిగా అరిగేలా చేయడమే ఆ బిళ్ళల పని. అందుకే వాటితో పొట్ట ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది. ఆ గ్యాస్‌కని పిండిని అరిగించే సిరప్పు తాగితే రెండు మందులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, షుగరు బిళ్ళ పని తగ్గుతుంది. కొన్ని సిరప్పుల్లో పంచదార కూడా ఉంటుంది. షాపులో సిరప్పు అడిగేముందు షుగరుకి ఏం వాడుతున్నారో చెప్పండి.

ఇక రెండోది క్లోమం ఎంజైములుండే ప్యాంక్రియాటిన్ క్యాప్సూల్. దీన్ని సిరప్పుతో ఒకే గాట కట్టకూడదు. దీర్ఘకాలం క్లోమం వాచినవాళ్ళకి, క్లోమం ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది అన్నంతో సమానం. వాళ్ళలో గుర్తులు స్పష్టంగా ఉంటాయి: తిండి తింటున్నా బరువు తగ్గిపోవడం, విరేచనం జిగురుగా, దుర్వాసనతో, నూనె తేలుతూ కడిగినా పోకుండా ఉండటం. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టక ఎముకలు గుల్లబారతాయి. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం వదిలే ఒక ఎంజైము) పరీక్ష చేస్తే గ్రాముకి 200 మైక్రోగ్రాముల పైన ఉంటే సాధారణంగా బాగున్నట్టు, 100 లోపు అయితే లోటు ఖాయమైనట్టే. మా బంధువుల్లో ఒకాయనకి ఇవే గుర్తులున్నా నెలల తరబడి సిరప్పులే రాసిచ్చారు. క్యాప్సూల్ మొదలయ్యాక గానీ ఆయన చేపల పులుసు తిని నిశ్చింతగా పడుకోలేకపోయాడు.

దీన్ని వాడే పద్ధతి ముఖ్యం. పరగడుపున వేసుకుంటే వృథా. మొదటి ముద్దతో మొదలుపెట్టి భోజనంతో పాటే మింగాలి. క్యాప్సూల్లోని గుళికలకి పూత ఉంటుంది, కడుపులోని ఆమ్లం లైపేజ్‌ని పాడుచేయకుండా. అందుకే నమలకూడదు. పెద్ద భోజనానికి 25,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం, అలా డాక్టరు మోతాదు కడతారు. ఇది పంది క్లోమం నుంచి తీసే మందు. శాకాహారులకి, ముస్లిం కుటుంబాలకి ఆ సంగతి ముందే చెప్పి, వాళ్ళు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడం డాక్టర్ల బాధ్యత.

మూడోది మజ్జిగ. నా ఓటు ఎక్కువమందికి దీనికే. పాలలోని లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ మన దక్షిణాదిలో చాలామందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. రాత్రి గ్లాసుడు పాలు తాగి తెల్లవార్లూ పొట్ట గుడగుడలాడేవాళ్ళు లాక్టేజ్ బిళ్ళలు కొనక్కర్లేదు. తోడు వేసినప్పుడే లాక్టోజ్ కొంత తగ్గుతుంది. పెరుగులోని బ్యాక్టీరియా తమ లాక్టేజ్‌ని పేగులోకి మోసుకెళ్ళి మిగిలినదాన్ని అరిగిస్తుంది. పెరుగు మరిగించకూడదు, ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మజ్జిగ పులుసుకి వేరే రుచి ఉంది గానీ ఈ పనికి రాదు. మొదటి ముద్దలో నెయ్యీ శొంఠిపొడీ కలుపుకునే అలవాటు కూడా మంచిదే. అల్లం కడుపుని కాస్త తొందరగా ఖాళీ చేయిస్తుందని పరీక్షల్లో తేలింది. ఇంతకన్నా ముందు కట్టుడు పళ్ళు సరిచేయించండి. అమ్మకి నమలడానికి పళ్ళు లేకుండా ఆమె అరుగుదల గురించి మాట్లాడటం అన్యాయం.

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంట్లో జరిగింది ఇక్కడ చెప్పాలి. ఆయన అన్న, తమ్ముడు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. అందులో పేగు లోపలి పొరే అరిగిపోతుంది. తిన్నది ఒంటబట్టదు, నీళ్ళ విరేచనాలతో మనిషి కరిగిపోతాడు. ఆ రోజుల్లోనూ డయాస్టేజ్ మందు ఉండేది, అది అలాంటి పేగుని ఏం చేయగలదు? తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్ అనే బి విటమిన్‌ని తయారు చేసింది. స్ప్రూ రోగులు తేరుకున్నది దానితో. ఏ అవయవం దెబ్బతిందో తెలుసుకోకుండా అరుగుదల మందు పోస్తూ కూర్చోవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చి, దానితో పాటు బరువు తగ్గుతుంటే, కళ్ళు పచ్చబడితే, మలం నల్లగా వస్తే, ముద్ద గొంతులో అడ్డం పడుతుంటే సిరప్పు పక్కన పెట్టి స్కానింగు, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గుండెల మధ్య బరువుగా నొక్కినట్టుండి చెమటలు పడుతుంటే, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకుతుంటే, మనవాళ్ళు దాన్నీ గ్యాసే అంటారు. షుగరున్నవాళ్ళలో నొప్పి లేకుండా ఆయాసం ఒక్కటే రావచ్చు. అప్పుడు ఏ అరుగుదల మందూ ఇచ్చి చూడొద్దు. 108కి ఫోన్ చేసి, ముందు ఈసీజీ తీయించండి.