రీసేల్‌లో టైమ్‌షేర్: డిస్నీ పాయింట్లా, హిల్టన్ పాయింట్లా?

అమెరికాలో పిల్లలున్న కుటుంబం ఏటా ఒక వారం ఆర్లాండో, అప్పుడప్పుడు లాస్ వేగాస్, వీలైతే హవాయి అనుకుంటే టైమ్‌షేర్ (రిసార్టులో ఏటా కొన్ని రోజులు దిగే హక్కు) రీసేల్‌లో, అంటే పాత ఓనర్ల దగ్గర కొనేటప్పుడు, ఎదురయ్యే పెద్ద పేర్లు రెండు: డిస్నీ వెకేషన్ క్లబ్, హిల్టన్ గ్రాండ్ వెకేషన్స్. రెండూ పాయింట్ల లెక్కే: ఏటా పడే పాయింట్లతో గది పట్టుకోవాలి. రెండింట్లోనూ మీ పేరున డీడ్ (హక్కు పత్రం) రిజిస్టరవుతుంది. పోలిక అక్కడితో సరి. డిస్నీలో ఎక్కడ పడుకోవాలనుకుంటున్నారో అక్కడే కొనాలి. హిల్టన్‌లో ఫీజు తక్కువున్న చోట కొని, పక్క ఇంకెక్కడో వేసుకోవాలి. ఇది పట్టించుకోకుండా ‘పాయింటు ఎంతకిస్తారు’ అని బేరం మొదలుపెడితే రెండు చోట్లా చేతులు కాలతాయి.

డిస్నీలో ప్రతి కాంట్రాక్టుకూ ఒక హోమ్ రిసార్ట్ ఉంటుంది. ఆ రిసార్ట్‌లో గదిని 11 నెలల ముందే పట్టుకోవచ్చు. మిగతా రిసార్టులు మీకు తెరుచుకునేది 7 నెలల ముందు. ఆ నాలుగు నెలల తేడాలోనే మంచివన్నీ అయిపోతాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో తక్కువ పాయింట్లకొచ్చే వాల్యూ గదులు, బోర్డ్‌వాక్‌లో స్టాండర్డ్ వ్యూ స్టూడియోలు, కాలిఫోర్నియాలో గ్రాండ్ కాలిఫోర్నియన్ గదులు ఏడో నెలకు మిగలడం అరుదు. సెలవుల వారాలకైతే ఆశ పెట్టుకోనక్కర్లేదు. అప్పటికి ఎక్కువగా దొరికేవి సరటోగా స్ప్రింగ్స్, ఓల్డ్ కీ వెస్ట్. ‘సరటోగా చవక, అది కొని అన్నిచోట్లా తిరుగుదాం’ అన్న సలహా క్రిస్మస్ సెలవులకు మాత్రమే కదలగలిగే బడిపిల్లల ఇంటికి పనికిరాదు. సెప్టెంబరులో వెళ్లగలిగే జంటకు మాత్రం బాగానే నడుస్తుంది.

డిస్నీ డీడ్‌కు గడువు ఉంటుంది, అది రిసార్ట్‌ను బట్టి మారుతుంది. బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్, బౌల్డర్ రిడ్జ్, హిల్టన్ హెడ్ (ఇది దీవి పేరు, రిసార్ట్ డిస్నీదే), వీరో బీచ్ 2042 జనవరితో ముగుస్తాయి. ఓల్డ్ కీ వెస్ట్‌లో కొన్ని కాంట్రాక్టులు 2042 వరకు, పొడిగించుకున్నవి 2057 వరకు. సరటోగాకు 2054, యానిమల్ కింగ్‌డమ్‌కు 2057, బే లేక్ టవర్‌కు, గ్రాండ్ కాలిఫోర్నియన్‌కు 2060, హవాయిలోని ఔలానికి 2062, గ్రాండ్ ఫ్లోరిడియన్‌కు 2064, పాలినేషియన్‌కు 2066, కాపర్ క్రీక్‌కు 2068.

లెక్క కోసం రెండు ధరలు అనుకుందాం. 2042లో ముగిసేది పాయింటు 90 డాలర్లు, 2057లో ముగిసేది 110. 2026లో కొంటే మొదటిదానికి మిగిలేది 16 ఏళ్లు: పాయింటుకు ఏడాదికి 5.60 పైచిలుకు. రెండోదానికి 31 ఏళ్లు: ఏడాదికి 3.55. తక్కువ ధర పలికినదే ఎక్కువ ఖరీదని తేలింది. దీనికి ఆ ఏటి మెయింటెనెన్స్ ఫీజు కలపాలి. పాయింటుకు 9 డాలర్లనుకుంటే 150 పాయింట్లకు ఏటా 1,350. ఈ ఫీజు రిసార్ట్‌కో తీరుగా ఉంటుంది. వీరో బీచ్‌లో అందరికంటే ఎక్కువ, అందుకే దాని రీసేల్ ధర అంత చవగ్గా కనిపిస్తుంది.

రీసేల్‌లో కొన్నవారికి డిస్నీ కొన్ని తలుపులు మూసింది. 2019 జనవరి 19 నుంచి పాత 14 రిసార్టుల్లో ఏది రీసేల్‌లో కొన్నా, ఆ పద్నాలుగింట్లోనే తిరగాలి. రివియెరా, డిస్నీలాండ్ హోటల్ విల్లాలు, ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాబిన్లు అందవు. పాలినేషియన్‌లో 2024 చివర తెరిచిన ఐలాండ్ టవర్ మాత్రం పాత పాలినేషియన్ ఓనర్ల సంఘంలోనే ఉంది కాబట్టి అందుతుంది. రివియెరానే రీసేల్‌లో కొంటే ఇంకా ఇరుకు: అక్కడ తప్ప ఇంకెక్కడా ఆ పాయింట్లు చెల్లవు. రివియెరాను రీసేల్‌లో కొనమని ఎవరికీ చెప్పలేం, ఏటా అక్కడే దిగేవారికి తప్ప. మెంబర్‌షిప్ డిస్కౌంట్లు, క్రూజ్ మార్పిడి వంటివి కూడా రీసేల్ పాయింట్లకు రావు. క్రూజ్‌కు పాయింట్లు వాడటం ఎలాగూ నష్టమే కాబట్టి దానికి బాధపడనక్కర్లేదు.

యూజ్ ఇయర్ అన్నది చాలామంది చూడకుండా సంతకం పెట్టే గడి. ఏటా పాయింట్లు ఏ నెలలో పడతాయో అది చెబుతుంది: ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, డిసెంబరు. వాడని పాయింట్లను తర్వాతి ఏడాదికి దాచుకోవాలంటే యూజ్ ఇయర్ మొదలైన 8 నెలల్లోపే చేయాలి. ఫిబ్రవరి యూజ్ ఇయర్‌కు ఆ గడువు సెప్టెంబరు 30. మీరు వెళ్లేది క్రిస్మస్‌కైతే, చివరి నిమిషంలో ప్రయాణం ఆగితే, దాచుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. జనవరి 31లోపు వాడకపోతే పాయింట్లు పోయినట్టే. అదే డిసెంబరు యూజ్ ఇయర్ అయితే జూలై 31 వరకు సమయం. ప్రయాణించే నెలకు కాస్త ముందు మొదలయ్యే యూజ్ ఇయర్ ఎంచుకోండి. జూన్, జూలై సెలవులకు వెళ్లేవారికి ఏప్రిల్ లేదా జూన్. తర్వాత ఇంకో చిన్న కాంట్రాక్టు కలుపుకోవాలన్నా అదే యూజ్ ఇయర్ ఉండాలి, లేకపోతే రెండు వేర్వేరు ఖాతాలవుతాయి. ఒకసారి దాచిన పాయింట్లను మళ్లీ దాచలేరు. తర్వాతి ఏడాది నుంచి ముందే తెచ్చుకున్నవి వెనక్కి పంపలేరు.

చెక్‌ఇన్‌కు 30 రోజుల్లోపు రద్దు చేస్తే పాయింట్లు హోల్డింగ్ ఖాతాలో పడతాయి. వాటితో 60 రోజుల్లోపు బసలే దొరుకుతాయి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అమ్మానాన్నలు వస్తారని గదులు పట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. వీసా స్టాంపు పడకుండా 11 నెలల ముందు రెండు పడకగదుల విల్లా పట్టినా, తేల్చుకోవాల్సిన రోజు చెక్‌ఇన్‌కు 31 రోజుల ముందు.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గది సంగతి కూడా చూడాలి. డిస్నీ స్టూడియోలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి, స్టవ్ ఉండదు. అన్నం, పప్పు, పెరుగు లేనిదే రోజు గడవని ఇంటికి కనీసం ఒక పడకగది విల్లా కావాలి. అందులో పూర్తి వంటిల్లు, వాషర్, డ్రయర్ ఉంటాయి. దానికి పాయింట్లు మాత్రం స్టూడియోకు దాదాపు రెట్టింపు. పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఆన్ చేయండి, పొగ అలారం ఆవాల చిటపట దాకా ఆగదు. ఓల్డ్ కీ వెస్ట్‌లో గదులు విశాలమే కానీ చాలా భవనాలకు లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి కింది అంతస్తు అడగాలి, అదీ ఖాయం కాదు. బే లేక్ టవర్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడిచిపోవచ్చు, మధ్యాహ్నం వచ్చి పడుకుని సాయంత్రం మళ్లీ వెళ్లే వీలు అక్కడుంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో కొన్ని గదుల బాల్కనీ నుంచి జిరాఫీలు కనిపిస్తాయి కానీ ఏ పార్కుకైనా బస్సే గతి.

హిల్టన్ వేరే లోకం. డీడ్‌లో మూడు సంగతులు ఉంటాయి: ఏ రిసార్ట్, ఎన్ని పడకగదులు, ఏ సీజన్ (ప్లాటినం అంటే గిరాకీ ఎక్కువున్నది, గోల్డ్ దాని కిందిది). ఏటా పడే పాయింట్లు ఈ మూడింటిని బట్టి. మెయింటెనెన్స్ ఫీజు మాత్రం రిసార్ట్‌ను, గది సైజును బట్టే, సీజన్‌తో దానికి పని లేదు. కీలకమంతా ఇక్కడే ఉంది. ఒకే రిసార్ట్‌లో రెండు పడకగదుల ప్లాటినం వారానికి ఏడు పాళ్ల పాయింట్లు వస్తే, గోల్డ్ వారానికి ఐదు పాళ్లే. ఫీజు రెండింటికీ ఒకటే. గోల్డ్‌ను ఉచితంగా ఇస్తామన్నా, డబ్బు పెట్టి ప్లాటినం కొన్నవారే కొన్నేళ్లలో ముందుంటారు. కాబట్టి ప్రతి లిస్టింగ్‌కూ ఏడాది ఫీజును ఏడాది పాయింట్లతో భాగించండి. వచ్చిన అంకె తక్కువున్నదే మంచి బేరం, అడిగే ధర తర్వాతి సంగతి. రెండు డీడ్లకు ఒకే పాయింట్లు వస్తూ, ఒకదాని ఫీజు 1,300 డాలర్లు, ఇంకోదానిది 2,000 అయితే, పదేళ్లలో తేడా 7,000. రెండో డీడ్ ఊరికే వచ్చినా తీసుకోవద్దు.

మామూలుగా లాస్ వేగాస్ డీడ్లు ఈ లెక్కలో ముందుంటాయి, న్యూయార్క్, హవాయి వెనకబడతాయి. అందుకే వేగాస్‌లో అడుగు పెట్టే ఉద్దేశం లేనివారు కూడా వేగాస్ ప్లాటినం కొని హవాయిలో దిగుతారు. హోమ్ వారానికి 12 నుంచి 9 నెలల ముందు ప్రాధాన్యం ఉంటుంది. కానీ అది మీ డీడ్‌లోని గదికి, సీజన్‌కు మాత్రమే. 9 నెలల దగ్గర, ఏ రిసార్ట్‌లోనైనా పాయింట్లతో గది పట్టే క్లబ్ కిటికీ అందరికీ ఒకేసారి తెరుచుకుంటుంది. హోనొలులులో హిల్టన్ హవాయియన్ విలేజ్, బిగ్ ఐలండ్ వైకొలోవాలో కింగ్స్ ల్యాండ్ వంటివి పట్టాలంటే ఆ రోజు పొద్దున్నే కూర్చోవాలి. క్రిస్మస్ వారమే, సముద్రం కనిపించే గదే కావాలంటే మాత్రం హవాయి డీడ్ కొనడమే దారి. హవాయిలో పాయింట్లతో దిగినా రాష్ట్రం వేసే బస పన్ను విడిగా కట్టాలి, డిస్నీ ఔలానిలోనూ అంతే.

హిల్టన్ 2021లో డైమండ్ రిసార్ట్స్‌ను, 2024లో బ్లూగ్రీన్‌ను కొన్నది. వాటన్నిటినీ కలిపిన మ్యాక్స్ సభ్యత్వం రీసేల్ కొనుగోలుతో రాదు. ఎలైట్ హోదాకూ రీసేల్ పాయింట్లు లెక్కలోకి రావు. లిస్టింగ్‌లో ఎన్ని వందల రిసార్టుల పేర్లున్నా మీకు అందేవి పాత హిల్టన్ క్లబ్ రిసార్టులే. ఆర్లాండోలో సీవరల్డ్, టస్కనీ విలేజ్ వంటి చోట్ల రెండు పడకగదుల్లో పూర్తి వంటిల్లు ఉంటుంది. డిస్నీకి మాత్రం కారు తప్పదు, పార్కింగ్ డబ్బు కూడా కలుపుకోవాలి. పాయింట్లు క్యాలెండర్ ఏడాదివి కాబట్టి మిగిలినవి డిసెంబరు 31 లోపు తర్వాతి ఏడాదికి మళ్లించుకోవాలి. క్లబ్ వార్షిక రుసుము, ప్రతి బుకింగ్‌కూ రుసుము ఉంటాయి. మూడేసి రాత్రుల చిన్న ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి ఇవి కలిసి బరువవుతాయి.

హిల్టన్ అమెరికా డీడ్లలో చాలావాటికి గడువు లేదు. ఫీజు కట్టే బాధ్యత కూడా డీడ్ ఉన్నంత కాలం ఉంటుంది. డిస్నీ డీడ్‌ను విసుగొస్తే అమ్మి కొంత డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు, గడువు తీరితే పీడ విరగడ. హిల్టన్‌లో తక్కువ పాయింట్ల డీడ్‌ను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవారు దొరకరు. పదేళ్లలో ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారికి మా ఓటు డిస్నీకే. డిస్నీ పార్కుల మోజు లేనివారికి, అమెరికాలోనే స్థిరపడి రకరకాల ఊళ్లు చూడాలనుకునేవారికి హిల్టన్ ప్లాటినం మేలు. ఎటూ తేలకపోతే ఒక ఏడాది ఓనర్ దగ్గర డిస్నీ పాయింట్లు అద్దెకు తీసుకుని దిగి చూడండి.

కొనేటప్పుడు ముందుగా అడగాల్సింది ఎస్టాపెల్ పత్రం. ఖాతాలో ఇప్పుడు ఎన్ని పాయింట్లున్నాయి, దాచినవెన్ని, తర్వాతి ఏడాదివి ముందే వాడేశారా, ఫీజు బాకీ ఉందా అన్నది కంపెనీయే అందులో రాసిస్తుంది. ఈ ఏటి పాయింట్లు అమ్మినవారు వాడేసి ఉంటే ఈ ఏటి ఫీజు వారే కట్టాలని ఒప్పందంలో రాయించండి. రెండు కంపెనీలకూ మొదట కొనే హక్కు ఉంది. ధర మరీ తక్కువైతే డిస్నీ తానే కొనేసుకుంటుంది, మీ డబ్బు ఎస్క్రో (మధ్యవర్తి ఖాతా) నుంచి వెనక్కి వస్తుంది. డీడ్ కౌంటీలో రిజిస్టరై, ఖాతా మీ పేరుకు మారేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఎండాకాలంలో బేరం కుదిరితే ఆ క్రిస్మస్‌కు గది ఉంటుందనుకోకండి.

అమ్మేవారు ఇండియా తిరిగి వెళ్లిపోయి అమెరికా పన్ను లెక్కల్లో విదేశీయులైతే, ఫిర్ప్టా చట్టం కింద అమ్మకం ధరలో 15 శాతం పన్నుగా పట్టి ఉంచాల్సి రావచ్చు. పట్టే బాధ్యత కొనేవారిది. డీడ్ బదిలీ చూసే క్లోజింగ్ కంపెనీకి ఈ సంగతి మొదటే చెప్పండి. డీడ్ మీద అమ్మేవారి సంతకానికి నోటరీ కావాలి. హైదరాబాదులోనైతే నానక్‌రాంగూడ అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని చేయించుకోవచ్చు, ఒక్కో ముద్రకు 50 డాలర్లు. భార్యాభర్తలిద్దరి పేర్లూ డీడ్‌లో ఉంటే ఇద్దరూ వెళ్లాలి.