శివుడి సెట్ 299కే వస్తోందా? కొనే ముందు ఇది చదవండి

పోయిన నెల నాన్న పుట్టినరోజుకి అమీష్ రాసిన శివ త్రయం ఇద్దామని ఆన్‌లైన్‌లో వెతికాను. మూడు ఇంగ్లిష్ పుస్తకాల సెట్ 299 రూపాయలకే కనిపించింది. షాపులో ఒక్క పుస్తకానికే ఇంచుమించు అంత పెట్టాలి. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. పైగా 'భక్తి పుస్తకాలు' అనే విభాగంలో పెట్టి, "శివ పురాణం పూర్తి సెట్, పూజగదిలో ఉంచుకోదగినది" అని అమ్మేవాడు రాశాడు. ఫొటోలో పుస్తకాల ఎడమ మూలన ఎవరిదో బొటనవేలు కూడా పడింది, గోరు కమిలి నల్లగా ఉంది. ఆ వేలు గుర్తుపెట్టుకోండి.

ముందు భక్తి సంగతి. ఇది పురాణం కాదండీ, కల్పిత కథ. క్రీ.పూ. 1900లో మొదలవుతుంది. శివుడు టిబెట్‌లో ఒక తెగకు నాయకుడు. మెలూహా అనే రాజ్యానికి వచ్చి సోమరసం తాగాక గొంతు నీలంగా మారుతుంది, దాంతో అక్కడి జనం నీలకంఠుడు వచ్చేశాడని చేతులెత్తి మొక్కుతారు. నంది సైన్యంలో కెప్టెన్, బృహస్పతి సైంటిస్టు. శివుడు చిలుం పీలుస్తాడు, ఈ కాలం కుర్రాడిలా మాట్లాడతాడు. నాకు అదే సరదా. రోజూ నమకం చమకం చదువుకునే మా నాన్న మాత్రం రెండో రోజే పుస్తకం మూసి, "ఏరా, శివుడేంటి ఇలా మాట్లాడుతున్నాడు?" అన్నారు. దేవుడి గూట్లో పెట్టిన మిగతా రెండూ అమ్మ తీసుకెళ్లి టీవీ కింద పెట్టేసింది. రచయిత ఎక్కడా ఇది పురాణమని చెప్పలేదు, ఆ మాట అమ్మినవాడిదే.

అయినా నాన్న వదల్లేదు. అలాంటి మనుషులంతా ఆయనకు ఎప్పుడో తెలిసినవాళ్లే మరి. 'నేను దేవుణ్ణి కాదు మొర్రో' అంటూనే అందరి భారం నెత్తినేసుకునే వీరుడు, గీత దాటని సేనాపతి పర్వతేశ్వరుడు, ఆయన్ని ఆటపట్టించే అయోధ్య రాకుమారి ఆనందమయి, కూతురంటే ప్రాణం పెట్టే చక్రవర్తి దక్షుడు. "కాంతారావు సినిమా చూస్తున్నట్టుందిరా" అన్నారు. మా ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పర్వతేశ్వరుడు ఎప్పుడు మెత్తబడతాడా అని రోజూ రాత్రి పదకొండు దాకా లైటు వేసుకుని కూర్చునేవారు.

మొదటి భాగం అయిపోగానే కేకేశారు, చివరి పేజీలు లేవని. కంగారుగా చూశాను. అది రచయిత పనే. సతి మీద దాడి జరగబోతుండగా, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట కథ ఆపేశాడు. "అంతే నాన్నా, మిగతాది రెండో దాంట్లో" అని నవ్వేశాను.

రెండో దాంట్లో నవ్వు పోయింది. 161 నుంచి 176 వరకు పేజీలు రెండేసి సార్లు ఉన్నాయి, 177 నుంచి 192 దాకా అసలు లేవు. అంటే సరిగ్గా పదహారు పేజీల ఫారం ఒకటి తారుమారైంది. అప్పుడు మూడూ దగ్గర పెట్టుకుని చూశాను. జిరాక్స్ తీసినట్టు అక్షరాలు అలికినట్టున్నాయి, కాగితం వెనకవైపు అచ్చు కనిపిస్తోంది, మార్జిన్ ఒక పేజీలో బొటనవేలంత, ఇంకో పేజీలో దారమంత. మూడో పుస్తకం బాగా తెరిస్తే జిగురు పెళుసుగా విరిగి పేజీలు ఒళ్లో పడ్డాయి. నకిలీ ప్రతులే, సందేహం లేదు. వెనక అట్ట మీద ఉండే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, మాత్రం అసలుదే! కవర్‌తో పాటు దాన్నీ స్కాన్ చేసి కొడతారు కాబట్టి నంబరు సరిపోయిందని మోసపోకండి. వెనక అట్ట కంటే లోపలి అచ్చు చూడాలి.

అమ్మినవాడికి మెసేజ్ పెడితే "ప్రింటింగ్ మిస్టేక్ సార్, వేరే కాపీ పంపుతాం" అన్నాడు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. వారం రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో దాటింది, గిఫ్ట్ ప్యాకింగ్ విప్పకుండా దాచింది నేనే కదా. మీరైనా పార్సిల్ రాగానే విప్పి, వీడియో తీస్తూ పేజీ నంబర్లు తిప్పి చూడండి.

చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. ఫొటోలు, బిల్లు అప్‌లోడ్ చేయమన్నారు. తొమ్మిది రోజులకు డబ్బు తిరిగొచ్చింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా సైట్‌లో చూపించాలి. నేను కొన్న చోట ఊరి పేరు తప్ప ఏమీ లేదు. ఇలా తెలిసి తెలిసి నకిలీ ప్రతులు అమ్మితే 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వాడికి ఆ భయం ఉన్నట్టు లేదు.

నాన్న కోసం అసలు సెట్ మళ్లీ పుస్తకాల షాపులో కొన్నాను. మాయమైన ఆ పదహారు పేజీలే ముందు చదివేశారు.

నిన్న అదే సైట్‌లో అదే సెట్ మళ్లీ పెట్టారు. అమ్మకందారు పేరు కొత్తది, ధర 279. ఫొటోలో ఎడమ మూలన కమిలిన గోరుతో అదే బొటనవేలు.