ఆరేళ్లుగా నా టేబుల్ మీదున్న యూరప్ చరిత్ర క్యాలెండర్

రోజుకో పేజీ తిప్పే క్యాలెండర్ ఇది. వారాల పేర్లు ఉండవు కాబట్టి ఏ ఏడాదైనా వాడుకోవచ్చు. తేదీ కింద ఆ రోజు యూరప్‌లో జరిగిన సంఘటనలు, జననాలు, మరణాలు ఉంటాయి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. రోజూ ప్రార్థనకు ముందు ఇందులోంచి ఒక విషయం బోర్డు మీద రాస్తాను.

అన్నిటికంటే ఎక్కువ నలిగిన పేజీ ఏప్రిల్ 23. ఇంగ్లండ్ నాటక రచయిత షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616లో ఇదే రోజు చనిపోయారని అందులో ఉంది. మొదటి ఏడాది అలాగే రాసేశాను. "నిజంగా ఒకే రోజా టీచర్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. వెతికి చూస్తే, కాదు. స్పెయిన్ 1582లోనే కొత్త లెక్కకు, అంటే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. ఆ ఏడాది అక్కడ అక్టోబర్ 4 మర్నాడు 15 వచ్చింది. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా పాత జూలియన్ లెక్కే పాటించింది. 1616లో రెండింటికీ తేడా పది రోజులు. పైగా సెర్వాంటెస్ చనిపోయింది 22న, 23 ఆయన్ని ఖననం చేసిన రోజు అన్నదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. పిల్లలకు ఇది తేలిగ్గానే అర్థమైంది. వాళ్ల ఇళ్లలోనూ తిథి ప్రకారం పుట్టినరోజు ఒకనాడు, తేదీ ప్రకారం ఇంకోనాడు వస్తుంది కదా.

ఈ క్యాలెండర్‌లో పెద్ద లోపం అదే. ఏ లెక్క ప్రకారం తేదీ ఇచ్చారో ఎక్కడా చెప్పలేదు. న్యూటన్ పుట్టుక పాత లెక్కలో 1642 డిసెంబర్ 25న ఉంది, గెలీలియో మరణం కొత్త లెక్కలో 1642 జనవరి 8న. రెండూ చూసి ఒకే ఏడాది అనుకుంటాం. కొత్త లెక్కలో న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. రష్యా అక్టోబర్ విప్లవం నవంబర్ 7 పేజీలో ఎందుకుందో పిల్లలకు విడిగా చెప్పాల్సి వచ్చింది. అందుకే పెన్సిల్‌తో ఒక్కో పేజీ మీద 'పా', 'కొ' అని గుర్తులు పెట్టుకుంటూ వచ్చాను.

రాజుల పేర్లు మరీ ఎక్కువ, స్త్రీల పేర్లు తక్కువ. మూడో ఏటికే స్పైరల్ ఊడింది, దారంతో కుట్టించాను. అయినా టీచర్లకు కొనమనే చెప్తాను, పక్కన పెన్సిల్ ఉంచుకుంటే చాలు.

ఏప్రిల్ 23 మా బడికి వేసవి సెలవుల ముందు చివరి రోజుల్లో పడుతుంది. ఇప్పుడు షేక్‌స్పియర్ పేరు కింద రెండు తేదీలూ రాస్తున్నాను: ఆయన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఏప్రిల్ 23, స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో మే 3.