పేపరు ఇంకా వేయించుకోవాలా, ఫోను చాలదా?

"ఇంట్లో తలా ఒక ఫోను ఉండగా ఇంకా పేపరెందుకండీ?" అని ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు. నెల మొదట్లో డబ్బుల కోసం వచ్చిన పేపరు కుర్రాడు కూడా మా వీధిలో ఎవరెవరు మానేశారో వరుసగా చెప్పి, "మీరూ ఆపేస్తారా సార్?" అన్నాడు. ఆపలేదు సరికదా, రెండో పత్రిక కూడా వేయమన్నాను. ఎందుకో చెప్పడానికి టమాటా చాలు.

2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. టీవీ వాళ్లు మదనపల్లె మార్కెట్టును పొద్దస్తమానం చూపించారు. ఫోనులో టమాటాలను బీరువాలో పెట్టి తాళం వేసుకునే జోకులు. రెండు నెలలు తిరిగేసరికి ధర కుప్పకూలింది. కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను పారబోసుకున్నారు. అప్పుడు అదే టమాటా నేను తెప్పించుకునే పత్రికలో లోపలి పేజీకి, రెండు కాలమ్‌లకు కుదించుకుపోయింది. పత్రిక కొనేవాళ్లలో టమాటా పండించేవాళ్ల కంటే కొనుక్కునేవాళ్లే ఎక్కువ మరి. టీవీలో అడుగున స్క్రోలింగులో కదిలిపోయింది. నా ఫోనులో అసలు రానేలేదు. జోకులు అయిపోయాయి, వాటితో పాటే టమాటా కూడా.

పత్రిక న్యాయం చేసిందని అనను. పెద్ద వార్తను చిన్నది చేసింది. అయితే చిన్నది చేసిన సంగతి నా కళ్ల ముందే ఉంది. జులై పేపరూ సెప్టెంబరు పేపరూ పక్కపక్కన పరిస్తే దొరికిపోతుంది. రెండు పత్రికలు పరిస్తే ఇంకా బాగా దొరుకుతుంది. ఒకదాంట్లో బ్యానరైన సభ రెండోదాంట్లో ఏ తొమ్మిదో పేజీలోనో నక్కి ఉంటుంది. ఏ పత్రిక ఎవరి వైపో తెలుగు పాఠకుడికి ఒకరు చెప్పనక్కర్లేదు, ఆ మేరకు తరుగు తీసి చదువుకోవడం మనకు అలవాటే.

ఫోనులో తరుగు ఎంత తీయాలి? దేనితో పోల్చాలి? ఒకప్పుడు పెట్టిన సమయం వరుసలో పోస్టులు వచ్చేవి. 2016లో ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఆ పద్ధతి మార్చి, మనకు ఏది నచ్చుతుందో అంచనా వేసి దాన్ని పైకి తేవడం మొదలుపెట్టాయి. ఫేస్‌బుక్ అంతకు ముందే ఆ దారి పట్టింది. ఒకసారి రోడ్డు ప్రమాదం వీడియో దగ్గర నా వేలు కాసేపు ఆగింది. ఇక నాలుగు రోజులు ప్రమాదాలే ప్రమాదాలు. ఊళ్లో యాక్సిడెంట్లు బాగా పెరిగాయని ఆఫీసులో అంటే అందరూ నన్ను వింతగా చూశారు. వాళ్ల ఫోన్లలో ఇంకేదో నడుస్తోంది.

1968 అమెరికా ఎన్నికలప్పుడు అక్కడి చాపెల్ హిల్ అనే ఊళ్లో మెక్‌కాంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు ఓటర్లను ముఖ్య సమస్యలేమిటని అడిగారు. పత్రికలు, టీవీ దేనికి ఎక్కువ చోటిచ్చాయో ఓటర్లు చెప్పిన జాబితా దాదాపు అదే. ఊరంతా అవే పత్రికలు చదివిన రోజుల మాట అది. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే, పత్రికలు పట్టుబట్టి రాయడం ఆ సెగ ఊరూరా పాకడానికి తోడైంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో నాలాంటివాడి వేలు ఆగినా ఆగకపోయినా దూబగుంట కనబడక తప్పేది కాదు.

పేపరుకూ ఒక గోడ ఉంది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చాక మిగతావీ ఆ బాటే పట్టాయి. పల్లె వార్తకు చోటు దొరికింది, కానీ ఆ వార్త జిల్లా దాటడం మానేసింది. పత్తికొండ మార్కెట్టులో ఏం జరిగిందో హైదరాబాదులో ఉన్న నాకు పూర్తిగా తెలియాలంటే కర్నూలు ఎడిషన్ చూడాలి. ఈ-పేపరు పనికొచ్చేది అక్కడే, వేరే జిల్లా పేజీలు తిరగేయడానికి. మిగతా పేజీలు ఆ చిన్న తెరమీద సాగదీసి చదవడం నా కళ్ల వల్ల కాదు.

టీవీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఓట్ల లెక్కింపు రోజున, తుపాను తీరం దాటే రాత్రి దానికి సాటి లేదు. మిగతా రోజుల్లో నలుగురిని కూర్చోబెట్టి అరిపిస్తారు. రేడియో ప్రాంతీయ వార్తలు ఇప్పటికీ శుభ్రంగా ఉంటాయి, వినేవాళ్లే లేరు.

రెండు పత్రికల ఖర్చు ఎందుకంటారా? ఒక్కటే వేయించుకునేట్టయితే మీకు నచ్చని పార్టీ వైపు మొగ్గేదాన్ని వేయించుకోండి. నచ్చినవాళ్ల మాటలు ఫోను ఎలాగూ మోసుకొస్తుంది. మా ఇంట్లో ఆ రెండోదాన్ని ప్రస్తుతానికి నేనొక్కడినే చదువుతున్నాను. మా ఆవిడ దాన్ని అల్మరా అరల్లో పరుస్తోంది.