కంట్లో వేసే ఇంజెక్షన్లు: ప్రెషర్ దగ్గరే తేడా

షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) వాచినప్పుడు ఎక్కువగా వేసే అవాస్టిన్, రాజుమాబ్, ఐలియా (2 మి.గ్రా.) మూడింటి మోతాదూ 0.05 మి.లీ.నే. ఆ కాస్త మందుకే కంటి ప్రెషర్ ఒక్కసారిగా 40 మి.మీ. (పాదరసం) దాటొచ్చు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. చాలామందికి గంటలోపు దిగిపోతుంది. ఈ విషయంలో మూడూ ఒకటే.

అసలు గండం మొదటి నిమిషాల్లో. ప్రెషర్ మరీ పెరిగితే రెటీనా ప్రధాన ధమనిలో రక్తం ఆగి చూపు చీకటవుతుంది. సూది తీయగానే చెయ్యి చూపించి "ఎన్ని వేళ్లండీ?" అని అడిగేది అందుకే. అడగని ఆసుపత్రికి మార్కులు కోసేయాల్సిందే. వెలుతురు కూడా తెలియకపోతే నల్లగుడ్డు వెనకున్న కంటి ముందు భాగంలోంచి సన్న సూదితో చుక్క నీరు వెంటనే తీసేస్తారు.

ధరలో అవాస్టిన్‌కి తిరుగులేదు. కాకపోతే పెద్ద సీసాలోంచి సిరంజిల్లోకి పంచాలి, అక్కడ శుభ్రత తప్పితే ఇన్ఫెక్షనే. బుడగలు పోవాలని సిరంజిని వేలితో కొడితే లోపలి సిలికాన్ నూనె బొట్లు మందుతోపాటు కంట్లోకి పోయి, మచ్చల్లా తేలుతుంటాయి.

సూదితో కంట్లోకే ఎక్కించే స్టెరాయిడ్ గుళిక ఓజర్డెక్స్ నెలల తరబడి పనిచేస్తుంది, సూదిపోట్లు తగ్గుతాయి. దీని ప్రెషర్ మాత్రం నెమ్మదిగా ఎక్కి రెండో నెలకి పతాకస్థాయికి చేరుతుంది. నొప్పి లేదు కదా అని చెకప్ మానేసేవాళ్లే దెబ్బతింటారు. ముదిరిన గ్లాకోమా (ప్రెషర్‌తో కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే దీని జోలికి వెళ్లొద్దు.

బ్రోలుసిజుమాబ్ అనే మరో ఇంజెక్షన్ వాపును బాగా లాగేస్తుంది గానీ, కొందరిలో రెటీనా రక్తనాళాలు వాచి మూసుకుపోయాయి. మొదటి ఎంపికగా ఒద్దు.