డా విన్సీ రోబోతో గర్భసంచి ఆపరేషన్లు: ఆర్నెల్లు వాడాక నా మాట

మా హాస్పిటల్‌కి డా విన్సీ వచ్చి ఆర్నెల్లయింది, ఇప్పటికి దీని మీద 22 కేసులు చేశాను, ఎక్కువ గర్భసంచి తీసేసినవే, ఓ ఐదు మాత్రం ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు) తీసి గర్భసంచి ఉంచినవి. అమెరికాలో గైనిక్ ఆపరేషన్లకి దీనికి 2005లోనే పర్మిషన్ వచ్చింది, అంటే మెషీన్ పాతదే, మాకే కొత్త.

పేషెంట్లందరూ భయంగా అడిగేది ఒకటే, రోబోనే కోసేస్తుందా అని. దానంతట అది ఏమీ చెయ్యదమ్మా, నేను అదే రూమ్‌లో కన్సోల్ (రోబోని నడిపే డెస్క్) దగ్గర కూర్చుని వేళ్ళు ఎలా తిప్పితే లోపల పరికరాలు అలా తిరుగుతాయి.

దీని అసలు గొప్ప ఫైబ్రాయిడ్ కేసులో తెలుస్తుంది. గడ్డ తీశాక ఆ గుంతని పొరలుపొరలుగా కుట్టాలి, రేపు ఆ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు ఆ కుట్టు నిలబడాలి కదా. మామూలు ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) పరికరాలకి మణికట్టులా వంగే కీలు లేదు, దీనికి ఉంది, పైగా త్రీడీలో కనిపిస్తుంది, చేతి వణుకు లోపలిదాకా వెళ్ళదు.

లోటు ఏంటంటే మా మోడల్‌లో చేతికి స్పర్శ తెలీదు. రెండో కేసులో ముడి బిగిస్తుంటే దారం పుటుక్కున తెగింది, ఎంత లాగుతున్నానో నాకు తెలిస్తేగా! మళ్ళీ మొదట్నుంచి కుట్టాను. ఇప్పుడు దారం కింద కండ తెల్లబడ్డం చూసి చెయ్యి ఆపుతున్నా. పేషెంట్‌కి రోబో చేతులు బిగించడానికి మొదటి కేసులో 50 నిమిషాలు పట్టింది, ఇప్పుడు 15లో అయిపోతోంది, ఆ క్రెడిట్ మా స్టాఫ్ నర్సులదే. తల బాగా కిందకి వంచి పడుకోబెడతాం కాబట్టి లేచాక మొహం కాస్త ఉబ్బుతుంది, తగ్గిపోతుంది, కంగారుపడొద్దు.

ఖర్చు మాత్రం ఎక్కువే, ఒక్కో పరికరాన్ని ఇన్నిసార్లే వాడాలని లెక్క ఉంటుంది, అదంతా బిల్లులోకే వస్తుంది. అందుకే చిన్న గర్భసంచికి, కింద నుంచో ల్యాప్రోస్కోపీలోనో తేలిగ్గా వచ్చేదానికి రోబో వద్దనే చెప్తున్నా. సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్‌కి అసలు ఒప్పుకోను, 2018లో వచ్చిన ల్యాక్ ట్రయల్ అనే పరిశోధనలో పొట్ట కోసి చేసినవాళ్ళకంటే ల్యాప్రోస్కోపీ, రోబో వాళ్ళలోనే క్యాన్సర్ తిరగబెట్టడం, చనిపోవడం ఎక్కువని తేలింది, అది చదివాక నాకు మనసొప్పదు.

పిల్లలు కావాలనుకునే ఫైబ్రాయిడ్ పేషెంట్లకి, బాగా లావుగా ఉన్నవాళ్ళకి మాత్రం రోబోతో చేయించుకోమని ధైర్యంగా చెప్తాను. మీ డాక్టర్‌ని దీని మీద ఎన్ని కేసులు చేశారో మొహమాటపడకుండా అడగండి, నన్నడిగితే 22 అనే చెప్తాను.