200 ఆంప్స్ అని రాసిన చవక వెల్డింగ్ మిషన్: నాబ్ చూపే అంకె ఎంత నిజం?

ఆరేడు వేలకు దొరికే చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్లు దాదాపు అన్నీ ఒకే అచ్చు. చిన్న డబ్బా, ముందు ఒక నాబ్, ఎర్ర అంకెల డిస్‌ప్లే, వెనక ఫ్యాను, పక్కన పెద్ద అక్షరాలతో 200 ఆంప్స్. రంగూ పేరూ మారతాయి గానీ లోపలి బోర్డు కొద్ది తేడాలతో అదే. గేట్లు, గ్రిల్స్, షెడ్డు మరమ్మతులకు ఈ రకం పెట్టిన డబ్బుకు తగిన సరుకే. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ కంటే ఆర్క్ తేలిగ్గా అందుకుంటుంది, ఒక చేత్తో నిచ్చెన మీదికి కూడా తీసుకెళ్లొచ్చు. నమ్మకూడనిది నాబ్ చుట్టూ ఉన్న అంకెలనే.

లెక్క చూడండి. రాడ్ వెల్డింగ్‌కు వెల్డింగ్ మిషన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60974-1 ప్రకారం లోడు వోల్టేజీ 20 + 0.04 × కరెంటు. 200 ఆంపియర్ల దగ్గర 28 వోల్టులు, అంటే 5.6 కిలోవాట్లు. మిషన్ సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.7 అనుకుంటే 230 వోల్టుల లైను నుంచి సుమారు 43 ఆంపియర్లు లాగాలి. ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గు మీద నిలకడగా వచ్చేది 85 ఆంపియర్ల వెల్డింగే. ఈ ధరలో 200 అని రాసిన చోట అసలు 120–140 రావడం మామూలు. పన్నెండో నంబర్ (2.5 మిల్లీమీటర్ల) రాడ్డుకు 60–90, పదో నంబరుకు (3.15 మిల్లీమీటర్లు) 90–130 చాలు కాబట్టి ఆ తగ్గుదల పెద్ద నష్టం కాదు. 70 అని పెడితే 50 రావడమే చికాకు. రాడ్డు అతుక్కుంటుంది, కాస్త పెంచితే 16 గేజ్ బాక్స్ పైపుకు బొక్క పడుతుంది.

డిస్‌ప్లే కూడా సాక్ష్యం కాదు. ఆర్క్ లేకుండా నాబ్ తిప్పితే అంకె మారుతూ, వెల్డింగ్ చేసేటప్పుడు కదలకుండా ఉంటే అది చూపేది పాట్ (నాబ్ వెనక ఉండే వేరియబుల్ రెసిస్టర్) మీద వోల్టేజీని. అసలు కరెంటును కాదు.

కొలవాలంటే డీసీ కొలిచే టంగ్ టెస్టర్ (కేబుల్ చుట్టూ పట్టే క్లాంప్ మీటరు) కావాలి. చవకవి చాలావరకు ఏసీకే పనికొస్తాయి, కొనేముందు చూసుకోండి. లేదంటే 200 ఆంప్స్, 75 మిల్లీవోల్టుల షంట్ (కరెంటు కొలవడానికి వాడే అతి చిన్న రెసిస్టర్) ఒకటి ఎర్త్ కేబుల్‌లో పెట్టి మల్టీమీటరుతో చూడొచ్చు; 37.5 మిల్లీవోల్టులు వస్తే 100 ఆంపియర్లు. హోల్డర్‌నూ ఎర్త్‌నూ నేరుగా ఆనించి చూసిన రీడింగ్ పనికిరాదు. అప్పుడు రాడ్డు అతుక్కుందనుకుని యాంటీ స్టిక్ ఏర్పాటు కరెంటును దించేస్తుంది. ఆర్క్ మీద చూస్తే అంకె ఊగుతూ ఉంటుంది.

నిలకడైన లోడుకు 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఫిల్లర్ తీగ, ఒక బకెట్ మంచినీళ్లు చాలు. 50 ఆంపియర్లకు 2.75 మీటర్లు, 100కు 1.5, 150కు 1.1 మీటర్లు ముంచితే వోల్టేజీ పై సూత్రానికి దగ్గరగా వస్తుంది. అన్నిటికీ ఒకే పొడవు వాడకండి: తక్కువ కరెంటులో వోల్టేజీ మరీ పడిపోతే ఆర్క్ ఫోర్స్ అందుకుని కరెంటును తనంతట తాను పెంచుతుంది, రీడింగ్ తప్పుతుంది. తీగ కొసలకు 25×3 మిల్లీమీటర్ల ఇనుప ఫ్లాట్ ముక్కలు గట్టిగా బిగించి, హోల్డర్‌నూ ఎర్త్‌నూ వాటికి పట్టించి, ఫ్లాట్ మాత్రమే నీళ్ల పైన ఉండేలా చూడాలి. బయటికి వచ్చిన తీగ క్షణాల్లో ఎర్రబడి తెగిపోతుంది. చుట్లు ఒకదానికొకటి గానీ ప్లాస్టిక్ బకెట్‌కు గానీ తగలకూడదు. ఉప్పు వేయొద్దు, మిషన్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చేయి పెట్టొద్దు. ఒక్కో రీడింగుకు అర నిమిషం చాలు.

ఈ పరీక్షకు డబ్బా విప్పక్కర్లేదు. వాపసు గడువు ఉండగానే చేసేయండి, ఎందుకంటే సీలు తీస్తే వారంటీ పోయినట్టే.

విప్పాలనుకుంటే ముందు ప్లగ్గు పీకి అయిదు నిమిషాలు ఆగాలి. లోపలి పెద్ద కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. మీటరు పెట్టి సున్నాకు దిగిందని చూశాకే చేయి పెట్టండి. దిగకపోతే 1 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వలు రాల్చే వేషాలు వద్దు. తర్వాత పాట్ కాళ్లకూ ఆ కెపాసిటర్ల మైనస్‌కూ మధ్య కంటిన్యుటీ చూడండి. ఉంటే పాట్ లైను కరెంటుతో కలిసి ఉన్నట్టే. దాన్ని ముట్టుకోకుండా డబ్బా మూసేయడం మంచిది.

కంట్రోల్ బోర్డు మీద కనిష్ఠానికీ గరిష్ఠానికీ ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్లు) ఉంటాయి, తరచు వాటి మీద రంగు గానీ జిగురు గానీ చుక్క వేసి ఉంటుంది. తిప్పేముందు మార్కర్‌తో గీత పెట్టుకోండి. మిషన్ వేడెక్కాక నాబ్ కింది చివర కనిష్ఠం, తర్వాత పై చివర గరిష్ఠం సరిచేయాలి. ఒకటి కదిలితే రెండోది కాస్త కదులుతుంది కనుక రెండు మూడు విడతలు పడుతుంది. గరిష్ఠం ప్రీసెట్‌ను మొదటి గీత దాటి పెంచొద్దు. ఐజీబీటీలూ (కరెంటును స్విచ్ చేసే పవర్ ట్రాన్సిస్టర్లు) హీట్‌సింకూ దానికి తగ్గట్టు లేవు, పోయేది అవే. డిస్‌ప్లేకు విడిగా ప్రీసెట్ ఉంటే బకెట్‌లో నిజంగా 100 వస్తున్నప్పుడు 100 చూపేలా తిప్పితే సరి.

ఈ మిషన్లకు నిజంగా మేలు చేసేది పాట్ మార్చడం. ఫ్యాక్టరీ పాట్‌లోకి గ్రైండింగ్ దుమ్ము చేరి మధ్య కాలు కాంటాక్టు వదులుతుంది, కరెంటు ఎగిరిపడుతుంది. మీద బీ103 అని ఉంటే 10 కిలో ఓమ్ లీనియర్, బీ102 అయితే 1 కిలో. బీకి బదులు ‘A’ అక్షరం ఉన్నది తీసుకుంటే లాగ్ పాట్ వస్తుంది, నాబ్ ఒక మూలే పనిచేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట మూసి ఉన్న మంచి రకం అడిగి తీసుకోండి. పది చుట్ల పాట్ టేబుల్ మీద పనికి బాగుంటుంది. సైటులో పన్నెండో నంబర్ నుంచి పదో నంబర్‌కు మారేటప్పుడు నాబ్ తిప్పలేక విసుగొస్తుంది.

10 కిలో పాట్ పై కాలుకు, అంటే రిఫరెన్సు వోల్టేజీ వచ్చే తీగకు, వరుసలో 4.7 కిలో రెసిస్టర్ పెడితే పరిధి 68 శాతానికి తగ్గుతుంది. 20–140 ఇచ్చేది 20–102 ఇస్తుంది. అదే తిప్పులో అడుగులు చిన్నవవుతాయి, ఇంటి ప్లగ్గుకూ మేలు. 1 కిలో పాట్ అయితే 470 ఓమ్. ఎస్‌జీ3525 ఐసీ ఉంటే 16వ కాలి దగ్గర, యూసీ3846 ఉంటే 2వ కాలి దగ్గర 5.1 వోల్టుల రిఫరెన్సు దొరుకుతుంది. చాలా బోర్డుల్లో పాట్‌కు వెళ్లేది అదే. మధ్య కాలి నుంచి గ్రౌండుకు బోర్డు దగ్గర 100 కిలో రెసిస్టర్, 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ వేయండి. కాంటాక్టు తెగితే కరెంటు పైకి దూకకుండా కిందికి పడుతుంది. మూడు తీగలనూ మెలిపెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌కూ అవుట్‌పుట్ కడ్డీలకూ దూరంగా లాగండి.

ఇంత చేసినా ఆర్క్ తెగుతుంటే తప్పు లైనుదే కావచ్చు. 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ 1 చదరపు మిల్లీమీటర్ తీగదైతే 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 23 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 తీగలో 10 లోపే.

ఎనిమిదో నంబర్ (4 మిల్లీమీటర్ల) రాడ్డు రోజంతా కాల్చేవాళ్లకు ఈ తరగతి వద్దు. మిగతావాళ్లు కొనేటప్పుడు పెద్ద అక్షరాలు వదిలేసి వెనక రేటింగ్ ప్లేటు చదవండి. ఎక్స్ అనే వరసలో శాతాలు ఉంటాయి; 40 డిగ్రీల వేడిలో పది నిమిషాలకు ఎన్ని నిమిషాలు కాల్చొచ్చో అవి చెబుతాయి. మే నెలలో రెంటచింతలలో రేకుల షెడ్డు కింద అయితే ఇంకా తగ్గించుకోవాలి. ఐ1ఈఎఫ్ఎఫ్ (I1eff) అనే అంకె, అంటే లైను నుంచి లాగే ఎఫెక్టివ్ కరెంటు, 16 దాటితే ఇంటి ప్లగ్గుకు పనికిరాదు. ఆ రెండు వరసలూ ఖాళీగా ఉన్న మిషన్‌ను ఎంత చవకైనా షాపులోనే వదిలేయండి.